నేటి ధర

ఇరవై ఆరేళ్లుగా మిర్చి యార్డులో చీటీలు రాస్తున్నాను.
గోతం నోరు విప్పి గుప్పెడు కాయ తీసి
అరచేతిలో చిటుక్కుమనిపిస్తే చాలు,
తేమెంతో, తాలెంతో, రంగు ఎన్నాళ్లుంటుందో చెప్పేస్తాను.
ఒకే చేలో కాయకి
పొద్దున ఒక ధర, పదకొండింటికి ఇంకో ధర.
ఎందుకని రైతు అడిగితే
నా దగ్గర జవాబుంటుంది.
అన్నీ నిజాలేం కావు.

మొన్న మంగళవారం
ఎడమ భుజం కింద ఎవరో
దబ్బనం గుచ్చి పురికొస లాగినట్టయింది.
కాటా బాజీ మంచినీళ్లిచ్చి
"ఘాటు పట్టుంటుంది గుమాస్తా గారూ, కూర్చోండి" అన్నాడు.
ఘాటు నాకు కొత్తా?
తుమ్మడం మర్చిపోయి ఎన్నాళ్లయిందో.

బ్రాడీపేట డాక్టరు రెండు ముక్కలు రాశాడు.
ఈసీజీ. టూడీ ఎకో.
"మామూలు పరీక్షలే" అన్నాడు.
మామూలనే మాట వింటే
నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది.

కొత్తపేటలో ఆటో దిగి
ఒక్కో మెట్టూ ఎక్కి బేరం విన్నాను.
మందుల షాపు పైన మేడ మీద
ఈసీజీ రెండొందలు, ఎకో పన్నెండొందలు.
నాలుగు గుమ్మాలవతల, వేలిముద్ర కూడా పడని గాజు తలుపు లోపల
ఎకో ఒక్కటే రెండు వేల రెండొందలు.
ఆ పక్కన నవ్వుతూ ఒకమ్మాయి
"మూడు వేల ప్యాకేజీ తీసుకోండి సార్,
షుగరు కూడా చూస్తాం" అంది.
గుండె కొంటే షుగరు కొసరన్నమాట.

పెద్దాసుపత్రిలో డబ్బు లేదు, తేదీ ఉంది.
పదిహేడు రోజుల తర్వాత రమ్మన్నారు.
నా వెనక పొన్నూరు ముసలామె
ఆ తేదీని కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.
నేను ముడెయ్యలేకపోయాను.

చీటీ వెనకాల అన్ని అంకెలూ రాసి
కింద గీత గీశాను.
కూడటానికి లేదు, తీసెయ్యటానికీ లేదు.
గుండె మాత్రం ఒకటే.

మళ్లీ మందుల షాపు మేడ ఎక్కేసరికి
టెక్నీషియను ఎస్తేరు గోంగూరన్నం తింటోంది.
ఎందుకమ్మా ఇన్ని రేట్లు? అన్నాను.
రైతు నన్నడిగినట్టే అడిగాను.
ఆమె ఎడమచేతి వేళ్లు మడిచింది.
"మిషను కొత్తదా పాతదా, దాని మీద వాయిదాలెన్ని,
అద్దె, ఏసీ కరెంటు..."
మూడో వేలు దగ్గర ఆగి
నా చీటీ మీద డాక్టరు పేరు వైపు చూసి
మజ్జిగ తాగింది.
"కమీషనా?" అన్నాను.
ఆ మాట నేనే అన్నాను. ఆమె అనలేదు.

చెయ్యి కడుక్కొచ్చి
"ఎక్కువ తీసుకున్నవాళ్లందరూ దొంగలు కాదండీ,
తక్కువకి చేసేవాళ్లందరూ మంచోళ్లూ కాదు.
బొమ్మ తీసేదెవరు, చూసి సంతకం పెట్టేదెవరు,
అది మాత్రం అడగండి" అంది.
"ఇక్కడెవరు?"
"తీసేది నేను. సాయంత్రం ఆరింటికి గుండె డాక్టరొచ్చి
ఒక్కొక్కటీ చూస్తారు. నాకూ తిట్లు పడతాయి" అని నవ్వింది.
ఆ తిట్లకే నేను డబ్బు కట్టాను.

చల్లటి జిగురు రాసి ఎడమ పక్కకి తిప్పింది.
నల్లటి తెర మీద
చేప నోరులా ఏదో తెరుచుకుంటోంది, మూసుకుంటోంది.
మీట నొక్కితే చప్పుడు,
ఖాళీ గోతాలు దులిపినట్టు.
"ఊపిరి బిగపట్టండి.
నేను చెప్పేదాకా వదలకండి."

బిగపట్టాను.
పోయిన ఫాల్గుణంలో ఒక రైతు సరుకుకి
తేమని చెప్పి నాలుగొందలు కోయించాను.
తేమ లేదు.
ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో.
"వదలండి" అంది.

రిపోర్టు రేపిస్తారు.
పొద్దున కొట్లో కూర్చుని సొంత లెక్కల పుస్తకం తీశాను.
పద్నాలుగొందలు.
ఏ పద్దు కింద రాయాలో తోచక
పెన్ను అలాగే పట్టుకున్నాను.
ఎదురుగా క్రోసూరు ఆయనెవరో
గోతం నోరు రెండు చేతులా తెరిచి పట్టుకుని
నా మొహంలోకి చూస్తూ
ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.