మాగని వాక్యం

పలమనేరు రోడ్డులో ట్రాక్టర్లు
గేటు నుంచి కిలోమీటరు దాకా ఆగిపోయిన జూన్ నెల.
టోకెన్లు జేబులో పెట్టుకుని డ్రైవర్లు
తోతాపురి కుప్పల మీదే నిద్రపోయారు.
లోపల, ఏసీ ఉన్న ఒకే ఒక్క గదిలో
నేను గుజ్జు ఫ్యాక్టరీకి మాన్యువల్ రాస్తున్నాను.

పాతది ఒకటుంది. నీలం బైండు.
మిషనుతో పాటు అదే పెట్టెలో దిగింది.
నలభయ్యో పేజీ నుంచి అరవయ్యో పేజీ దాకా
రసంతో అతుక్కుపోయింది.
విడదీస్తే చిరుగుతుంది,
తెరిచిపెడితే ఈగలొస్తాయి.

నాది అలాంటిది కాదు.
ఉత్త అక్షరాల ఫైలు. శీర్షిక ముందొక హ్యాష్,
వరస ముందొక చుక్క.
ఒక్కచోట మారిస్తే పన్నెండు చోట్ల మారుతుంది.
లింకు తెగితే అర్ధరాత్రి కంప్యూటరే నన్ను తిడుతుంది.
ప్రతి ట్యాంకు మెడలో ఒక క్యూఆర్ తాయెత్తు కట్టాను,
ఫోను చూపిస్తే చాలు
దాని సంగతి అదే చెప్పుకుంటుంది.

చెంగల్రాయులు మాత్రం ఫోను చూపించడు.
ఇరవై ఆరు సీజన్లుగా చెవి చూపిస్తాడు.
పద్నాలుగో వాల్వు దగ్గర తల వంచి,
"ఇనుమే, ఇప్పుడు గళగళమంటాండాదా,
ఇంకాసేపటికి గొంతు బొంగురుపోతాది.
అప్పుడు ఆవిరి తగ్గియ్యి.
మీటరు చెప్పేలోపల అడుగంటేస్తాది."

మూడుసార్లు రాశాను దాన్ని.
'శబ్దంలో మార్పు గమనించినచో' అని ఒకసారి.
నాకే నవ్వొచ్చింది.
చివరికి ఆయన అన్నది అన్నట్టే పెట్టాను.

చెన్నై ఆఫీసు నుంచి రివ్యూ వచ్చింది:
కొలవలేనిది రాయకండి, తొంభై ఐదు డిగ్రీలు అంటే చాలు.
వాక్యం మీద ఎర్ర రంగు పడింది.
దాని కింద అంకె పచ్చగా మొలిచింది.
నేను సరేనన్నాను. నెలాఖరు.

షిఫ్టు మారేటప్పుడు చెంగల్రాయులు వచ్చాడు.
చేతులు తుడుచుకున్నాడు,
అయినా టేబులుకి దూరంగానే నిలబడ్డాడు.
అక్షరాలు ఆయనకి నిదానం, రంగులు తక్షణం.
"ఆ ఎర్రగుండేదేంది?"
తీసేసింది.
"పచ్చగుండేది?"
పెట్టింది.
నవ్వలేదు. గ్రేడింగు బెల్టు దగ్గర
కొత్త పిల్లోడికి చెప్పినట్టు చెప్పాడు:
"తలకిందులు చేసినావు కదమ్మా.
మాగింది పారేసి పచ్చిది డ్రమ్ముకెత్తితే
తాగేవాడి మొగం ఏమవుతాది?"

ఆ రాత్రి పాత ప్రతులన్నీ తవ్వాను.
ఇక్కడ చెరిపింది ఏదీ చెరిగిపోదు,
గుజ్జులో పీచులా అడుగున పేరుకుంటుంది
తేదీతో, నిమిషంతో, చేసినవాళ్ల పేరుతో.
నా పేరు నూట తొంభై సార్లు.
చెన్నై వాళ్ల పేర్లు.
మధ్యలో మానేసి వెళ్లిన ఇంజనీరు పేరు కూడా.
చెంగల్రాయులుకు లాగిన్ లేదు,
అందుకని చెంగల్రాయులు లేడు.

వాక్యాన్ని వెనక్కి తెచ్చాను.
అంకెను కొట్టెయ్యలేదు, పక్కన జరిపి చోటిచ్చాను.
రాసినవారు అన్నచోట ఆయన పేరు కొట్టాను.
ఈమెయిల్ లేనిదే కుదరదంది.
పద్నాలుగో వాల్వు అని కొట్టాను, ఒప్పుకోలేదు.
మధ్యలో ఒక అట్, చివర ఒక డాట్ పెట్టాక
నోరు మూసుకుని తీసుకుంది.

పొద్దున చూపించాను.
తన పేరు, పక్కన తన మాట, పచ్చగా.
వేలు గాల్లోనే ఉంచి
ఒక్కో అక్షరం మీదుగా నడిపించాడు.
బొంగురు దగ్గర ఆగాడు.
"ఇంకా పచ్చిగానే ఉండాది," అన్నాడు.
చెన్నైలో ఎవరూ ఇంకా ఒప్పుకోలేదని చెప్పాను.

"అయితే వరిగడ్డిలో పెట్టు,"
అనేసి పోయాడు,
ట్యాంకు పిలిచినట్టు
తల ఒక పక్కకి వాల్చుకుని.