ముందుచూపు, పక్కచూపు

ఇరవై రెండేళ్లు
గీత గీయకుండానే ఇనుము కోశాను.
కుమాసీలో, సువామే షెడ్ల వరసలో
మా షెడ్డుకి నంబరు లేదు.
"గేర్‌బాక్సుల గుట్ట పక్కన" అంటే
ఎవరైనా తెచ్చి దిగబెడతారు.
అరిగిన ముక్క చేతిలో పెడితే చాలు,
బొటనవేలితో తడిమి
అలాంటిదే ఇంకోటి చేసిచ్చేవాణ్ణి.
కొలతెంత అంటే
"దానంత" అనేవాణ్ణి.

మొన్నటి వానల్లో తెచిమాన్ నుంచి ఫోను.
కసావా తురిమే మెషీనుకి నేను చేసిన బ్రాకెట్టు
వాళ్లకింకా నలభై కావాలట.
"బొమ్మ గీసి పంపు, ఇక్కడే చేయించుకుంటాం."
గీశాను.
"మేక బాగుంది, బ్రాకెట్టు ఏదీ?" అన్నాడు అవతలివాడు.

అలా నలభై ఆరో ఏట
అఫియా ద్వామెనా రాత్రి బడిలో బెంచీ ఎక్కాను.
బేరింగులమ్మే సెర్వా కూతురు.
ఆ పిల్ల పుట్టినప్పుడు మా షెడ్డులో టాఫీలు పంచారు.
"ముందు పెన్సిల్ చెక్కండి, మాస్టారూ" అంది.
ఆ రాత్రంతా చెక్కుడే.
ఒకటి ముల్లులా, ఒకటి ఉలిలా.
ముల్లు గీత మీ ఆలోచన, తుడిచేసుకోవచ్చు.
ఉలి గీత మీ మాట.

మర్నాడు బట్టల సబ్బు కడ్డీ తెచ్చి
మెట్టులా కోసి బల్ల మీద పెట్టింది.
ఎదురుగా నిలబడితే ముందుచూపు.
నెత్తిన నిలబడితే పైచూపు.
పక్కకెళ్తే పక్కచూపు.
వెనక బెంచీ కుర్రాళ్లు కిసుక్కుమన్నారు.
నాకు నవ్వు రాలేదు.
ఈ చూపుల్లో
దూరానిది చిన్నదవదు, దగ్గరిది పెద్దదవదు.
ఇన్నేళ్లూ నా కళ్లు
నాతో ఎంత బొంకాయో!

"కనపడని అంచుని తెగిన గీతతో చూపించాలి."
లోపల బెజ్జం ఉందని నాకు తెలుసుగా?
"మీకు తెలుసు. తెచిమాన్‌లో మనిషికి తెలీదు."

మధ్యరేఖకి నడక వేరు.
పొడుగు, పొట్టి, పొడుగు.
కుర్రాళ్లు బెంచీ మీద దరువేశారు,
వద్దనలేదు ఆమె.
సబ్బుని నిలువునా కోసి
కత్తి తగిలిన చోటే ఏటవాలు గీతలు నింపమంది.
ఖాళీని ఖాళీగా వదిలేయాలట.
నా చేయి ఊరుకోక అక్కడా గీసింది,
రబ్బరుతో రుద్దితే కాగితం చిరిగింది.

కరెంటు పోయేది.
ఫోను లైటు పళ్ల మధ్య కరిచి గీసేవాణ్ణి.
హర్మటాన్ దుమ్ము కాగితం మీద వాలితే
తుడవకూడదు, ఊదాలి.
కొలత ఒక్కచోటే రాయాలి.
రెండుచోట్ల రాస్తే
ఎప్పుడో ఒకప్పుడు ఆ రెండూ కొట్టుకు చస్తాయి.

మూడు నెలలకి బొమ్మ పంపాను.
రెండు వారాలకి బస్సులో,
ఉల్లిపాయల బస్తాల కింద,
మొదటి బ్రాకెట్టు వచ్చింది.
బొటనవేలు పెట్టగానే తెలిసిపోయింది.
తిరగబడింది.
కుడికాలి చెప్పు అడిగితే
ఎడమకాలిది కుట్టిచ్చినట్టు.
తిడదామని ఫోను తీశాను.
స్కేలు పెట్టి చూశాను.
ప్రతి బెజ్జమూ నేను రాసిన మిల్లీమీటరు మీదే.
నా మొహం ఎరగనివాడు
నా మాట పొల్లుపోకుండా విన్నాడు.

అఫియా బొమ్మ చూసి, మూల మీద వేలు పెట్టింది.
"ఇక్కడ ఉండాల్సిన గరాటు గుర్తేదీ?
ఎడమనుంచి చూసింది కుడివైపు పెట్టారు, సరే.
కుడివైపున్నది కుడినుంచి చూసిందేనని
చదివేవాళ్లూ ఉన్నారు లోకంలో.
మీరు ఏ పద్ధతో చెప్పేది
ఆ గుర్తొక్కటే."
చోటు చాల్లేదన్నాను.
నా పేరు క్వాబెనా ఎన్తిమ్ అని
ఎంత పెద్దక్షరాలతో రాసుకున్నానో
ఇద్దరం చూశాం.

గుట్టలో పాత టాక్సీ అద్దం ఒకటి దొరికితే
బ్రాకెట్టు దాని ముందు పెట్టాను.
అద్దంలో
సరిగ్గా ఉంది.
కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను,
చెయ్యి లాగేదాకా.

కొత్త కాగితం.
ఈసారి మూల నుంచే మొదలు.
పక్కకి పడుకున్న తల తెగిన గరాటు,
దాని పక్కన వలయంలో వలయం,
రెంటి మధ్యనుంచీ
పొడుగు, పొట్టి, పొడుగు.
"గీసినవారు" గడిలో చిన్నక్షరాలు.
"చూసినవారు" గడి ఇంకా ఖాళీ.
అఫియా కళ్లద్దాలు తుడుచుకుంటోంది.