రెండో మేకు

దుంగకి మొదటి కోత ఎప్పుడూ దండగే.
బెరడు, నాచు, గడ్డకట్టిన బంక
ఒకే చెక్కుగా లేచి పక్కకి పడతాయి,
పొయ్యిలోకి తప్ప ఎందుకూ కొరగావు.

వెల్గా కొక్కెం వేసి దొర్లిస్తుంది,
చదునైన వైపు కిందికి.
లాత్వియాలో మార్చి. కొట్టం నీడలో మంచు ఇంకా మొండికేసింది.
బ్లేడు మీద సబ్బునీళ్ళు చుక్క చుక్క.
స్ప్రూస్ పొట్టు తడి రవ్వలా
బూట్లలోకి, కనుబొమల్లోకి,
జేబులో మిగిలిన రొట్టెముక్కలోకి.

అయిదో పలక దగ్గర
ఒక్క కీచు.

పళ్ళు రాలిన బ్లేడు ఊడదీసి
"పద్దెనిమిది యూరోలు" అంది, దుంగతో చెప్పినట్టు.
దుంగ తెచ్చిన ఓయార్స్ వంగి చూశాడు:
చెక్క మింగేసిన మేకు,
చుట్టూ సిరా ఒలికినట్టు బూడిద నీలం.
బెరడు నుంచి లోపలికి వలయాలు గోటితో లెక్కపెట్టాడు.
నలభై ఒకటి దగ్గర తప్పాడు. మళ్ళీ మొదలెట్టాడు.

"పిట్టల పెట్టె. నేనే కొట్టాను.
ఒక్క మేకుకి ఆగదని అక్క పోట్లాడి
ఇంకోటి కొట్టింది.
అదీ ఇక్కడే ఎక్కడో ఉండాలి."

వెల్గా నవ్వలేదు.
కొత్త బ్లేడు బిగించి, వేలితో మీటి,
తలవంచి దాని శ్రుతి విని,
మిగిలిన దుంగని కొయ్యకుండా పక్కకి తోసింది.
"దీన్ని దూలంగా వేసుకో."

చీకటి పడేదాకా పలకలు పేర్చారు,
వరసకీ వరసకీ మధ్య సన్నటి బద్దలు,
గాలి ఆడాలి కదా.

చీటీలో బ్లేడు ఖరీదు అలాగే ఉంది.
ఓయార్స్ ఇరవై ఇచ్చాడు.
"ఆ రెండూ మా అక్క మేకుకి."