ఫారం వెనకవైపు

మార్కాపురం ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు.
రాత్రి రెండు దాటింది.
ఒంగోలు నుంచి వచ్చిన నర్సింగు పిల్ల
నిన్న ఇచ్చిపోయిన కాగితం
ఇంజెక్షన్ల ట్రే కింద ఖాళీగానే ఉంది.

"మీ వృత్తిలో మిమ్మల్ని మీరు ఎలా చూసుకుంటారు?
ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకెకి సున్న చుట్టండి."

ఎలా చూసుకుంటాను?
డ్యూటీ రూములో అద్దం పగిలి ఏడాదయింది.
సిరంజీ వెలుతురుకి ఎత్తినప్పుడు
గాలిబుడగ పక్కన ఓ కన్ను కనబడుతుంది.
అది నేనే అనుకుంటా.

బ్యాడ్జీ మీద 'స' అరిగిపోయి
మూడేళ్ళుగా నేను లోమిని.
"ఏమ్మే" అన్నవాళ్ళకీ పలికాను,
"అమ్మా" అన్నవాళ్ళకీ పలికాను.
మా చిన్నత్త మాత్రం పెళ్ళిళ్ళలో
నేను వడ్డించబోతే గరిటె అందుకుంటుంది,
నవ్వుతూనే.

రెండో ప్రశ్న:
"మీకన్నా పెద్దదేదో మీ పనిలో ఉందనిపిస్తుందా?"
నాకన్నా పెద్దది ఆక్సిజన్ సిలిండరు.
ఏడో మంచం దాకా దొర్లించుకుంటూ తేవాలి.

ఏడో మంచం పిచ్చయ్య.
ముప్పై ఏళ్ళు పలకల గనిలో రాయి చీల్చాడు.
ఎన్ని ఊళ్ళ పిల్లలకో అ ఆలు దిద్దించిన రాయి
పొడై ఆయన రొమ్ములో దిగి కూర్చుంది.
ఆ పలక మీద ఎవరూ ఏమీ రాయలేరు,
ఉమ్మి తడిపి చెరపనూలేరు.

"సిస్టరమ్మా, తెల్లారిద్దా?"
"తెల్లారిద్దిలే తాతా."
మా అమ్మ ప్రార్థనలో వాడే గొంతు అది.
నాకెప్పుడు వచ్చిందో!

ఆయన వేళ్ళు తుడిచాను.
గోళ్ళ సందుల్లో నల్లటి గీత,
గని మాని పదేళ్ళయినా పోలేదు.
దూదితో రుద్దుతుంటే ఎందుకో
నా ఊపిరి ఆయన ఊపిరి వెనకాలే నడిచింది.
నిమిషానికి ముప్పై ఎనిమిది.
దీన్ని భక్తి అంటారో, లెక్క అంటారో.

చార్టు కాగితాలు అయిపోయాయి.
స్టోరు తాళం వెంకటరత్నం జేబులో,
వెంకటరత్నం కంభంలో.
చేతికి దొరికింది ఆ ఫారమే.
వెనక్కి తిప్పి రాశాను:

రెండున్నర. ఊపిరి ముప్పై ఎనిమిది.
మూడు. ముప్పై ఆరు. దగ్గు, నెత్తురు లేదు.
మూడున్నర. మూత్రం నూటయాభై.
నాలుగు. నిద్రపోయాడు.
నాలుగున్నర. నిద్రే. రెండుసార్లు చూశాను.

ఎనిమిదింటికి ఆ పిల్ల వచ్చింది.
"ఏమీ నింపలేదే మేడమ్!"
పిచ్చయ్య ఇడ్లీ తుంచుతూ
చట్నీలో కారం లేదని సణుగుతున్నాడు.

"వెనక్కి తిప్పి చదువుకో" అన్నాను,
"కాగితం మాత్రం ఇవ్వను.
డాక్టరు రౌండ్సుకి కావాలి."