ఎడమ ముంజెయ్యి

ఆదోని పత్తి మార్కెట్ వెనక
ఉరుకుందప్ప ఎడమ ముంజేతి మీద
ఒక్క వెంట్రుకా ఉండేది కాదు.
ఆకురాయి, తోలుపట్టీ, ఆనక ఆ చెయ్యి.
కత్తికి పరీక్ష అక్కడే.

"మరీ పదునైతే తోలు మాట వినదు,
మొండిదైతే వెంట్రుకను బతిమాలుతాది.
నిద్రపోయే పసోడి మీద ఈగను తోలినట్ల పోవల్ల"
అనేవాడు, నా గొంతు మీద కత్తి పెట్టి.
గుటక మింగకుండా వినేవాణ్ణి.

ఇప్పుడు బ్లేడు.
కాగితంతోనే పుటుక్కున సగానికి విరుస్తాడు.
కత్తికంటే పదునే, ఆయనే ఒప్పుకుంటాడు.
ఒక్క గడ్డం,
తర్వాత డబ్బాలో టింగుమంటాది.

నిన్న పటిక రుద్దుతుంటే చూసినా,
ముంజేతి నిండా వెంట్రుకలు,
పత్తి పింజంత తెల్లగా.
నేను చూసింది చూసి
చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.