పెన్సిల్ మస్టరు

తిరుచానూరు రోడ్డులో అయిదంతస్తుల లాడ్జి లేస్తా ఉన్నప్పుడు
నేను మస్టరు రాసేవాణ్ణి.
దినానికి అయిదు వందలు, రెండు టీలు,
కూర్చునేదానికి బోర్లించిన పెయింటు డబ్బా.

మొదటిరోజే దామోదరం సారు పెన్సిలిచ్చినాడు,
వెనకాల ఎర్రరబ్బరు ఉండేది.
"ఇంకుతో రాయొద్దప్పా,
కూలోళ్లు మారతా ఉంటారు" అన్నాడు.
నాకది పొదుపు మాదిరి వినపడింది.

నాది ఒత్తి రాసే చెయ్యి.
చిన్నప్పుడు అయివారు తిట్టేవాడు,
పలక మీదా, దున్నతా ఉండావా అని.

చెంగల్రాయులు, బేల్దారి, పలమనేరు పక్క.
దేశమ్మ, వాని పెండ్లాం, జల్లి మోసేది.
బాండ్లి ఎత్తే ముందు తలగుడ్డ మూడుసార్లు విప్పి చుట్టేది,
మూడోసారికి గానీ కుదిరేది కాదు.
ఆమె చేతికి నాలుగొందల యాభై వచ్చేది,
కాయితంలో ఏడొందలు.
కింద వేలిముద్ర.
వేలిముద్రకు అంకెలు చదివేది రాదు గదా.

హెల్మెట్లు పదకొండు. గోనెసంచిలో.
లేబరాఫీసు జీపు బయల్దేరిందని ఫోనొస్తే సంచి విప్పేది.
ఒకదానికి ఇంకా ధర చీటీ ఊడలేదు.

ఆ మంగళవారం నాలుగో స్లాబు.
రాత్రి పది దాటినా మిషను ఆపలేదు.
సెంట్రింగు కర్రలు పోయిన బిల్డింగువి,
అంతకు ముందు బిల్డింగువి కూడా అవే.
ఒకటి జారింది.
ఆ శబ్దం గురించి నన్నడగొద్దండి.
కొండ మీద ఘాటు రోడ్డు దీపాలు
ఎప్పటి మాదిరే వరసగా వెలగతా ఉండాయి.

రుయా గేటు కాడ కారులో లైటేసుకోని కూర్చోనుండాడు దామోదరం సారు.
"చెంగల్రాయులు మనోడు కాదు, మేస్త్రీ గురప్ప మనిషి" అన్నాడు.
గురప్ప, "నేనే ఒక కూలోణ్ణి సామీ, నాకు లైసెన్సు యాడిది" అన్నాడు.
లాడ్జి ఓనరు ఫోన్లోనే,
"కంట్రాక్టు రాసిచ్చేసినా,
తాళాలు చేతికొచ్చే దాకా ఆ గోడలు నావి కావు" అన్నాడు.

కింద నించి పైకి నిచ్చెన మీద
బాండ్లి చేతులు మారుస్తారే,
అట్లనే ఆ చావును
పైనించి కిందికి అందించుకుంటా వచ్చినారు.
కడాకు నిలబడుండేది నేను.

చెరిపేసినా.
ఇరవై మూడు దినాల హాజరు,
పేరు, ఊరు.
రబ్బరు పొట్టు ఊదితే
కారు అద్దానికి కొంచెం అంటుకునింది.

లేబరాఫీసులో ఫ్యాను తిరగతా ఉంది, గాలి లేదు.
మస్టరు తిప్పి చూసి ఆఫీసరు అన్నాడు,
"ఆ పేరుతో ఎవురూ లేరే."
దామోదరం సారు లాయరు పెన్ను మూత బిగించినాడు.

దేశమ్మ బల్ల కాడికి వచ్చింది.
"యాడ లేడు?" అనింది.
ఖాళీ గీత మీద బొటనవేలు పెట్టి
మెల్లగా జరిపింది.
వేలు ఆడ ఆగింది.
గుంట.
మళ్లీ జరిపింది. ఇంకో గుంట.
మూడేండ్లుగా చదవకుండా ముద్రలేసిన వేలు అది.
ఆఫీసరు ఆ కాయితాన్ని కిటికీ కాడ ఏటవాలుగా పట్టినాడు,
ఎండ పక్కనించి పడింది.
చె, సున్న, గ.

గురప్ప తలకాయ దించుకున్నాడు.
"మేస్త్రీ పెట్టినా, మేస్త్రీ మేస్త్రీ పెట్టినా,
పని తీసుకున్న కంట్రాక్టరు జవాబు చెప్పాల్సిందే,
ఓనర్ని కూడా పిలిపిస్తా" అన్నాడు ఆఫీసరు.
ఆ మాట చట్టంలో ముందునించీ ఉందంట.
హెల్మెట్ల మాదిరి, సంచిలో.

తర్వాత, "ఈ అక్షరాలు ఎవురివి?" అన్నాడు.

లేచి నిలబడినా.
జరిగింది రాసియ్యమని తెల్లకాయితం జరిపి
తన ఇంకు పెన్ను నా చేతికిచ్చినాడు.
రాయబోతా,
నా వేలు దాని వెనకాల
రబ్బరు కోసం తడిమింది.