పదకొండో గడి

చెట్ల లెక్కకి మల్లేశ్వరం పదమూడో క్రాసు
నా వంతుకొచ్చింది.
టేపు, సుద్దముక్క, పదకొండు గడుల కాగితం.
చుట్టుకొలత: రెండు మీటర్ల పది.
ఆరోగ్యం: పైన ఒక కొమ్మ ఎండింది,
కింద నిలిపిన కారుకి ఆ సంగతి తెలీదు.

పదకొండో గడి: సహజ విస్తృతి.

కరపుస్తకంలో ఆఫ్రికా పటం.
గినియా తీరం నుంచి
కాంగో మీదుగా ఉగాండా దాకా
ఆకుపచ్చ గీతలు.
మిగతా లోకమంతా తెల్లగా.
బెంగళూరు ఆ తెలుపులో ఎక్కడో ఉంది,
నేనూ.

పైన మాత్రం మార్చి ఎండలో
కొమ్మ కొమ్మ చివరా కుంపటి రాజేసి ఉంది.
రాలిన పువ్వొకటి ఎత్తి చూశాను:
అంచున పసుపుదారం కుట్టు,
అడుగున చెంచాడు తేనె,
అందులో నాలుగు చిన్న తేనెటీగలు, చచ్చి.
దీనికి గడి లేదు.

బడి వదిలిన పిల్లలు మొగ్గలు ఏరుకుని
కొన గిల్లి
ఒకడి మెడ మీద ఒకడు చిమ్ముకుంటున్నారు.
"నీరుకాయి మర, ఆంటీ!"
మా అమ్మా ఇలాగే చిమ్మేదట
బిన్నీ మిల్లు లైన్ల వెనక,
తాత హిందూపురం నుంచి మోసుకొచ్చిన
తిట్లు తింటూ.

నర్సింగు చదివే అమ్మాయి ఆగింది.
ఘానా. పేరు ఎఫువా,
శుక్రవారం పుడితే అక్కడ అదే పేరట.
బస్సులో పక్క ఊరివాళ్ళు కనబడితే
భుజం తట్టినట్టు
మాను తట్టింది.
వాళ్ళ భాషలో దాని పేరు చెప్పింది.
రెండుసార్లు అడిగాను,
మూడోసారికి సిగ్గేసింది.
"మా వీధిలోది ఇంకా పెద్దది" అంది,
కాస్త ఆలోచించి,
"నేనప్పుడు పొట్టిదాన్నేమో."

పడవలా విచ్చిన ఎండుకాయ కాలికి తగిలింది.
లోపల ఒత్తుగా విత్తనాలు,
చుట్టూ గాజుకాగితం రెక్కలు.
ఊపిరి తగిలితే చాలు, లేస్తున్నాయి.
ఒకటి తెరిచి ఉన్న పటం మీద వాలింది,
తెల్లగా వదిలేసిన చోట.

గాలి తీసుకెళ్తే సహజమట,
ఓడ తీసుకొస్తే కాదట.
తాత ఎక్కిన మీటరుగేజి బండి
ఏ లెక్కలోకొస్తుందో అడుగుదామంటే
సూపర్‌వైజరు ఫోను ఎత్తలేదు.

గడిలో "ఆఫ్రికా" అని రాశాను.
మాను మీద సుద్దతో నంబరు వేశాను.
పుస్తకం మూసేముందు
విత్తనాన్ని ఊదెయ్యలేదు.

అప్పుడే మామిడి వాన మొదలైంది,
గాలితో సహా.
నా నంబరు కారిపోతోంది.
ఎండుకొమ్మ కింద కారు తియ్యమనడానికి
ఎదురింటి గంట నొక్కాను,
ఏ భాషలో పిలవాలో
ఇంకా తేల్చుకోకుండానే.